కొత్త ఆటోక్యాడ్‌లో పాత మాక్రోలు ఆగిపోయాయా? ముందు ఇవి చూసుకోండి..

కొత్త కంప్యూటర్ కొన్నారు. కొత్త ఆటోక్యాడ్ వేయించారు. పదేళ్లుగా బటన్ నొక్కగానే డ్రాయింగ్ గీసిపెట్టిన మాక్రో మాత్రం కదలట్లేదు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట అయినా, ఒంగోలు అయినా.. సర్వే డ్రాయింగులు వేసే ఆఫీసుల్లో సిస్టమ్ మార్చినప్పుడు ఎదురయ్యే తలనొప్పే ఇది.

సాగర్ కుడి కాలువనే తీసుకోండి. గుంటూరు, ప్రకాశం పత్తి, మిర్చి చేలకు నీళ్లిచ్చే ఈ కాలువ పొడవు 203 కిలోమీటర్లు. మేజర్లు, మైనర్లు అదనం. పూడిక తీయాలన్నా, లైనింగ్ వేయాలన్నా ముందు లెవల్స్ తీసి క్రాస్ సెక్షన్లు గీయాలి. 30 మీటర్లకు ఒకటి అనుకున్నా కిలోమీటరుకు 30కి పైనే! చేత్తో గీస్తూ కూర్చుంటే పని తెమలదు. అందుకే ఎక్సెల్‌లో చైనేజీ, లెవల్స్ కొట్టేసి, వీబీఏ మాక్రోతో ఆటోక్యాడ్‌లో గీయించేస్తారు. ఆ మాక్రో రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మారిపోయి ఉంటాడు, ఫైల్ మాత్రం పెన్‌డ్రైవ్‌లో తిరుగుతూ ఉంటుంది.

మరి ఎందుకు ఆగింది? ఆటోక్యాడ్ 2010 నుంచి వీబీఏ సాఫ్ట్‌వేర్‌తో కలిసి రావట్లేదు. ఆటోడెస్క్ సైట్ నుంచి విడిగా దించుకోవాలి. ఉచితమే, కానీ మీ వెర్షన్‌కు సరిపోయేదే వేయాలి. చాలామందికి సమస్య ఇక్కడే తీరిపోతుంది.

తీరకపోతే వీబీఏ ఎడిటర్ తెరిచి టూల్స్‌లో రిఫరెన్సెస్ చూడండి. ఏదైనా పేరు ముందు 'మిస్సింగ్' అని ఉంటే టిక్ తీసేసి, కొత్త ఆటోక్యాడ్ టైప్ లైబ్రరీకి టిక్ పెట్టండి. కోడ్‌లో 'ఆటోక్యాడ్ డాట్ అప్లికేషన్ డాట్ 18' అని ఉందా? 18 అంటే 2010 నాటి నంబర్, 2025కి అది 25. చివరి నంబర్ తీసేస్తే సరి.

అసలు కష్టం 32 బిట్ కోడ్‌తోనే. ఆటోక్యాడ్ 2020 నుంచి 64 బిట్ మాత్రమే వస్తోంది. విండోస్‌ను నేరుగా పిలిచే 'డిక్లేర్' లైన్లకు 'పీటీఆర్‌సేఫ్' చేర్చాలి, హ్యాండిల్స్ దాచే 'లాంగ్' వేరియబుల్స్‌ను 'లాంగ్‌పీటీఆర్' చేయాలి. పాత 32 బిట్ యాక్టివ్‌ఎక్స్ కంట్రోల్స్ ఉంటే ఆ ఫారమ్ మళ్లీ చేసుకోవాల్సిందే.

ఎర్రర్ వస్తే ఒకరకంగా అదృష్టమే, ఎక్కడ పోయిందో తెలుస్తుంది. రాకపోతేనే భయం. పాత మాక్రోల్లో 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' అనే లైన్ తరచూ కనిపిస్తుంది. తప్పు వచ్చినా పట్టించుకోకుండా తర్వాతి లైన్‌కు దూకమని దానర్థం. అంటే ఒక సెక్షన్‌లో ఒక పాయింట్ పడకపోయినా మాక్రో చప్పుడు చేయదు. ఆ గీత మీదే మట్టి పని క్వాంటిటీ కట్టి, బిల్లు రాస్తే? అందుకే పరీక్ష సమయంలో ఆ లైన్ ఆపేయండి. పూర్తయిన పాత పని లెవల్స్ ఇచ్చి కొత్తగా గీయించి, పాత డ్రాయింగ్‌తో ఏరియాలు సరిపోల్చండి. అవి కలిసేదాకా పాత సిస్టమ్ అమ్మేయొద్దు.

ఇంకో మాట. హెచ్చరిక బాక్స్ విసిగిస్తోందని కొందరు 'సెక్యూర్‌లోడ్'ను సున్నా చేసేస్తారు. వద్దు బాబోయ్! 2012లో బయటపడ్డ ఏక్యాడ్ మెడ్రే వైరస్ ఆటోలిస్ప్‌లో రాసిందే, డ్రాయింగులనే దొంగిలించి ఈమెయిల్‌లో పంపేసింది. మాక్రోలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, దాన్ని 'ట్రస్టెడ్‌పాత్స్'లో చేర్చితే చాలు.

ఖర్చు తగ్గుతుందని ఆటోక్యాడ్ ఎల్‌టీ కొనాలనుకుంటున్నారా? 2024 వెర్షన్ నుంచి ఎల్‌టీలోనూ ఆటోలిస్ప్ నడుస్తోంది. వీబీఏ మాత్రం లేదు. మీ ఫైల్ పేరు చివర డీవీబీ అని ఉంటే అందులో పనిచేయదు.