విద్యుత్తుతో ఎథిలీన్ ఆక్సైడ్

మామిడికాయలను గడ్డిలో మాగవేస్తే పండుతాయని అందరికీ తెలుసు. కాయల నుండి వెలువడే ఎథిలీన్ అనే వాయువే వాటిని పండిస్తుంది. దీని అణువులో రెండు కర్బన పరమాణువులు, నాలుగు ఉదజని పరమాణువులు మాత్రమే ఉంటాయి. దీనికి ఒక ఆమ్లజని పరమాణువును చేర్చగా వచ్చే పదార్థమే ఎథిలీన్ ఆక్సైడ్. పాలియెస్టరు నూలుకు కావలసిన గ్లైకాల్‌ను దీనినుండే తయారుచేస్తారు. వైద్య పరికరాలపై ఉండే సూక్ష్మజీవులను చంపడానికి కూడ దీనిని వాడతారు.

ఒక్క పరమాణువును చేర్చడం తేలిక అనిపించవచ్చును. కాని ఆమ్లజనితో మొదలైన చర్యను మధ్యలో ఆపడం కష్టం. పరిశ్రమలలో ఎథిలీన్‌ను, ఆమ్లజనిని 200 నుండి 300 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో వెండి ఉత్ప్రేరకం మీదుగా పంపుతారు. అప్పుడు కొంత ఎథిలీన్ పూర్తిగా మండి, బొగ్గుపులుసు వాయువై వృథాగా పోతుంది.

వెండి పద్ధతికి ముందు మరొక మార్గం ఉండేది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వుర్ట్జ్ 1859లో ఎథిలీన్ క్లోరోహైడ్రిన్ అనే పదార్థాన్ని క్షారంతో కలిపి, మొదటిసారిగా ఎథిలీన్ ఆక్సైడ్‌ను తయారుచేశాడు. తరువాత పరిశ్రమలు సున్నాన్ని క్షారంగా వాడి ఈ మార్గాన్నే అనుసరించాయి. ఇందులో గొప్ప వేడి అక్కరలేదు. అయితే ఖరీదైన క్లోరిన్ చివరకు కాల్షియం క్లోరైడ్‌గా మారి వ్యర్థమయ్యేది. అందుచేత ఆ పద్ధతి వెనుకబడింది.

2020లో కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ పాత మార్గానికి విద్యుత్తును జోడించారు. వారు వాడినది పొటాషియం క్లోరైడ్ ద్రావణం. విద్యుత్తు ప్రవహించినప్పుడు ధనధ్రువం వద్ద క్లోరైడ్ అయాన్లు ఎలక్ట్రాన్లను వదలి క్లోరిన్ అవుతాయి. క్లోరిన్ నీటితో కలిసి హైపోక్లోరస్ ఆమ్లాన్ని, హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఇస్తుంది. వీటిలో మొదటిది ఎథిలీన్‌తో కలిసి క్లోరోహైడ్రిన్ అవుతుంది. అదే సమయంలో ఋణధ్రువం వద్ద నీటి నుండి ఉదజని, క్షారం ఏర్పడతాయి. రెండు ధ్రువాల మధ్యనున్న పలుచని పొర ఈ ద్రావణాలు కలియకుండా చూస్తుంది. తరువాత రెండింటిని బయట కలపగా, కొంత క్షారం హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. మిగిలినది క్లోరోహైడ్రిన్‌ను ఎథిలీన్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. క్లోరిన్ అంతా మరల క్లోరైడ్ అయి ద్రావణంలోనే నిలుస్తుంది.

మొత్తం లెక్క చూస్తే ఖర్చయినవి ఎథిలీన్, నీరు. లభించినవి ఎథిలీన్ ఆక్సైడ్, ఉదజని. క్లోరిన్ ఖర్చు కాలేదు. నీటిలోని ఆమ్లజనిని ఎథిలీన్‌కు అందజేసి, తాను యథాస్థితికి వచ్చింది. ఇదంతా గది ఉష్ణోగ్రత వద్దనే జరిగింది. ధ్రువపు ప్రతి చదరపు సెంటీమీటరుకు ఒక ఆంపియరు చొప్పున విద్యుత్తు పంపినప్పుడు, అందులో సుమారు 70 శాతం కోరిన పదార్థం తయారీకే ఉపయోగపడింది.

ఇంతటితో సమస్య తీరలేదు. తయారైన పదార్థాన్ని ద్రావణం నుండి వేరుచేయాలి. ఆలస్యమైతే అది నీటితో కలిసి గ్లైకాల్‌గా మారసాగుతుంది. అంతేగాక, బొగ్గును మండించి పుట్టించిన విద్యుత్తును వాడితే, ఇక్కడ తప్పించిన బొగ్గుపులుసు వాయువు విద్యుత్కేంద్రం పొగగొట్టం నుండి వెలువడుతుంది. జలపాతాలు, గాలి, సూర్యరశ్మి ఇచ్చే విద్యుత్తు తోడైననాడే ఈ పద్ధతి వలన పూర్తి ప్రయోజనం కలుగుతుంది.

పాఠశాల ప్రయోగశాలలో ఉప్పునీటిని విద్యుద్విశ్లేషణ చేసే విద్యార్థి చూసేది ఈ మార్గంలోని మొదటి మెట్టునే.