మాట పడగానే ఒళ్లెందుకు మండుతుంది?

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఫుట్‌బాల్ ఆడుతుంటే అవతలి జట్టువాడు మీ ఇంట్లోవాళ్లను తిట్టాడనుకోండి. ఒళ్లు మండిపోతుంది కదా! ఎందుకు?

మెదడులోని అమిగ్డాలా అనే చిన్న భాగం ఆ మాటను ప్రమాదంగా లెక్కేస్తుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. మంచిచెడ్డలు ఆలోచించే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. అందుకే మీ వయసులో కోపం ముందొస్తుంది, ఆలోచన తర్వాత. పెద్దవాళ్లూ దీనికి అతీతులు కారు. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో ఇటలీ ఆటగాడు మాతెరాజ్జీ తన సోదరిని కించపరిచాడన్న కోపంతో ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ అతని ఛాతీపై తలతో గుద్దాడు. 110వ నిమిషంలో రెడ్‌కార్డు! పెనాల్టీల్లో ఫ్రాన్స్ ఓడింది.

మరి తట్టుకోవడం ఎలా? 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో స్టేడియమంతా మన భారత ఫుట్‌బాల్ జట్టును గేలి చేసింది. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఎగతాళికి ఇంతకన్నా గొప్ప జవాబు నాకు కనబడదు.

మీరైతే రెండడుగులు వెనక్కి వేసి, ఊపిరి నెమ్మదిగా వదలండి. గుండె దడ తగ్గుతుంది. సంగతి కెప్టెన్‌తో రిఫరీకి చెప్పించండి. తిట్టినవాడికి రెడ్‌కార్డు చూపే నిబంధన ఉంది. తిరిగి కొడితే మీకూ అదే కార్డు.