మాత్ర వద్దంటే మొండితనం కాదు
డిమెన్షియా పీడితులైన పెద్దలకు మందులివ్వడంలో మెలకువలు

మచిలీపట్నం: డిమెన్షియా బారిన పడిన పెద్దలున్న ఇంట్లో మందుల వేళ అయిందంటే పెనుగులాటే. బీపీ మాత్ర చేతికిస్తే ఉమ్మేస్తారు. ‘ఇందాకే వేసుకున్నాగా’ అంటారు. ఒక్కోసారి విషం పెడుతున్నారని కన్నకొడుకునే అనుమానిస్తారు. ఇంటిల్లిపాదీ దీనిని చాదస్తమని విసుక్కోవడం పరిపాటి. నిజానికి మెదడులో వచ్చిన మార్పుల వల్ల తమకు జబ్బుందన్న ఎరుకే వారిలో చాలామందికి ఉండదు. జబ్బే లేదనుకునే మనిషి మందెందుకని అడగడం సహజమే కదా!

దేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్లు 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడిన కృష్ణా జిల్లా ఇళ్లలో మాత్రలు మింగించే భారం అదే వయసున్న భార్య మీదో, పనిమనిషి మీదో పడుతోంది.

నిన్నటిదాకా సక్రమంగా వేసుకున్నవారు ఉన్నట్టుండి వద్దంటే ముందుగా నోరు పరిశీలించాలి. పంటినొప్పి, నోటిపూత, వదులైన కట్టుడుపళ్లు, మింగడంలో ఇబ్బంది ఉన్నా వారు చెప్పుకోలేరు. మూత్రనాళ ఇన్ఫెక్షన్, మలబద్ధకం సైతం ప్రవర్తనను మార్చేస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే తికమక ఎక్కువైతే ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి.

మాత్రను పొడిచేసి పెరుగన్నంలో కలిపేయడం అందరికీ తట్టే ఉపాయం. ప్రమాదమూ అందులోనే ఉంది. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉండే మాత్రలు నిదానంగా కరగాలి. వాటిని నలిపితే గంటల తరబడి అందవలసిన మోతాదు ఒక్కసారిగా ఒంట్లో చేరుతుంది. పైగా చేదు తగిలితే అన్నం మీదే అనుమానం పుట్టి తిండి కూడా మానేస్తారు. తెలియకుండా ఇవ్వడమన్నది గత్యంతరం లేనప్పుడు, వైద్యుని అనుమతితో మాత్రమే చేయదగిన పని.

వాదనతో ఒరిగేదేమీ లేదు. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, వరస పెట్టి పిలుస్తూ ఒక్కొక్క మాత్రే ఇవ్వాలి. కాదంటే వదిలేసి, అరగంట ఆగి మళ్లీ ప్రయత్నించాలి. సాయంత్రమైతే కలవరం పెరిగేవారికి వీలైన మందులను ఉదయానికి మార్చమని వైద్యుని కోరవచ్చు. అసలు ఇన్ని మాత్రలు అవసరమా అని అడగడానికీ సంకోచించనక్కర్లేదు. కొన్ని మందులు ద్రవరూపంలో దొరుకుతాయి. మతిమరుపునకు వాడే రివాస్టిగ్మిన్ చర్మంపై అంటించే పట్టీగానూ లభిస్తుంది. చేతికందని వీపు భాగంలో అంటిస్తే పీకేయలేరు. పాత పట్టీ తీశాకే కొత్తది వేయాలి. మూడు రోజులకు మించి ఆపితే వైద్యుని అడగకుండా తిరిగి మొదలుపెట్టరాదు.

ఒక పూట తప్పిందని తర్వాత రెండింతలు ఇవ్వరాదు. అన్నం తినని రోజున షుగర్ మాత్ర, ఇన్సులిన్ విషయంలో వైద్యుని సలహా తప్పనిసరి. ఫిట్స్ మందులను, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులను రోగి నిరాకరిస్తే ఆ రోజే వైద్యునికి తెలియజేయాలి. సంరక్షకులు వృద్ధుల సహాయవాణి 14567కు, మానసిక సలహా కోసం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.