పుప్పొడి పట్టించిన ముఠా

నకిలీ మలేరియా మాత్రల జాడ తీయడానికి డాక్టర్లు, శాస్త్రవేత్తలు, పోలీసులు కలిసి పనిచేసిన కేసు ఇది. అందులో తేలిన విషయాలు మన వీధి చివరి మెడికల్ షాపు దాకా వర్తిస్తాయి.

మాత్రను యాసిడ్‌లో వేస్తే మందు కరిగిపోతుంది, పిండి కరిగిపోతుంది, రంగు విరిగిపోతుంది. పుప్పొడి మాత్రం మిగులుతుంది. ఆ రేణువు పైపొర అంత మొండిది. లక్షల ఏళ్లు మట్టిలో పడి ఉన్నా చెక్కుచెదరదు. న్యూజిలాండ్ శాస్త్రవేత్త డల్లస్ మిల్డెన్‌హాల్ పని ఆ రేణువులను సూక్ష్మదర్శినిలో చూసి అవి ఏ చెట్టువో, ఆ చెట్టు ఏ నేలలో పెరుగుతుందో చెప్పడం. ఒక దశలో ఆయన బల్ల మీదికి ఆగ్నేయాసియా నుంచి నకిలీ మలేరియా మాత్రలు వచ్చాయి. మాత్రను అచ్చు వేసిన గదిలోకి వీచిన గాలి తన వెంట చుట్టుపక్కల చెట్ల పుప్పొడిని తెచ్చింది. ఆ పుప్పొడి పిండిలో కలిసి, మాత్రలో చిక్కుకుని, ఊళ్లూ సరిహద్దులూ దాటింది. ప్యాకెట్ మీది చిరునామాను ఎవరైనా మార్చి వేయగలరు. మాత్ర లోపలున్న గాలి చిరునామాను మార్చడం ఎవరి తరం?

నకిలీ సరుకు మీద పరిశ్రమలూ పోలీసులూ చేతులు కలిపి చేస్తున్న పోరాటం గురించి ముఖచిత్ర కథనం కావాలని సంపాదకులు అడిగారు. గడువు దగ్గరపడేలోగా ముందున్న కాగితాల్లో ఎక్కువ భాగం ఒకేలా ఉన్నాయి: దాడి చేశాం, ఇన్ని డబ్బాలు పట్టుకున్నాం, ఇంత విలువ. వాటి మధ్య ‘ప్లాస్ మెడిసిన్’ పత్రికలో 2008 ఫిబ్రవరిలో అచ్చయిన పరిశోధన పత్రం ఒకటి నన్ను వదలలేదు. డాక్టర్ పాల్ న్యూటన్, ఆయన సహచరులు రాసిన ఆ పత్రం చదువుతుంటే ఒక పక్క వైద్యం, ఒక పక్క నేర పరిశోధన కనిపిస్తాయి. ఆ దర్యాప్తుకు ఇంటర్‌పోల్ పెట్టిన పేరు ఆపరేషన్ జూపిటర్. ఈ కథనంలో పెద్ద పీట దానికే వేస్తున్నాను.

ముందు నేపథ్యం కొంచెం. 1970లలో చైనా శాస్త్రవేత్త తు యూయూ, ఆమె బృందం ఒక మూలిక నుంచి ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందును వెలికితీశారు. అందుకు ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. దాని నుంచి పుట్టినదే ఆర్టిసునేట్. పాత మందులకు లొంగని ఫాల్సిపేరం మలేరియాకు అది ప్రాణం పోసే మాత్ర. ఆగ్నేయాసియాలో ఎక్కువగా వాడింది దక్షిణ చైనాలోని గుయ్‌లిన్ నగరంలో గుయ్‌లిన్ ఫార్మాస్యూటికల్ తయారుచేసే మాత్రలనే. గిరాకీ ఉంది, ధర ఉంది, కొనేవాళ్లు అడవి పల్లెల పేదలు. 1990ల చివరికల్లా నకిలీలు దిగాయి.

కంపెనీ ప్యాకెట్ మీద హోలోగ్రామ్ అంటించింది. నకిలీగాళ్లు మొదట్లో మెరిసే కాగితం ముక్కతో సరిపెట్టారు. తర్వాత నిజంగా హోలోగ్రామే చేయించారు. పరిశోధకులు లెక్కపెడుతూ పోతే పన్నెండుకు పైగా రకాల నకిలీ హోలోగ్రామ్‌లు తేలాయి. ఒకదాన్ని మించి ఒకటి అసలుకు దగ్గరవుతూ వచ్చాయి. హోలోగ్రామ్ చూసి కొనండని ఊరూరా పోస్టర్లు వేసిన ఆరోగ్య కార్యకర్తలు ఇక ఏం చెప్పాలి? మందు ఉందో లేదో తేల్చడానికి ఒక రంగు పరీక్ష ఉండేది. దాన్ని కూడా దాటడానికే కాబోలు, కొన్ని నకిలీ మాత్రల్లో చిటికెడు అసలు మందు కలిపారు. ఆ చిటికెడు రోగిని బతికించదు. పైగా ఒంట్లోని మలేరియా క్రిమికి ఆ మందును తట్టుకోవడం నేర్పుతుంది. ఈ పత్రం మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ చిటికెడే. ఒక ముఠా లాభం కోసం చేసిన పని ఒక రోగినే కాదు, ప్రపంచానికి మిగిలిన మంచి మందును కూడా చంపగలదు.

2005లో తూర్పు మయన్మార్‌లో 23 ఏళ్ల యువకుడిని మలేరియాతో పల్లె ఆసుపత్రిలో చేర్చారు. డాక్టర్లు సరైన మందే రాశారు, సరైన మోతాదే ఇచ్చారు. అతను చనిపోయాడు. తర్వాత పరీక్షిస్తే ఆ మాత్రలు నకిలీవి. వైద్యంలో ఎక్కడా తప్పు జరగని చావు అది.

ఆ ఏడాదే మనీలాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాంతీయ కార్యాలయం, ఇంటర్‌పోల్, మలేరియా డాక్టర్లు, ప్రయోగశాలల వాళ్లు ఒకచోట కూర్చున్నారు. అప్పటిదాకా డాక్టర్ల దగ్గర మాత్రలున్నాయి, పోలీసుల దగ్గర అధికారం ఉంది, రెండూ కలిసే దారి లేదు. వియత్నాం నుంచి 75, కంబోడియా నుంచి 48, లావోస్ నుంచి 115, మయన్మార్ నుంచి 137, థాయ్-మయన్మార్ సరిహద్దు నుంచి 16, మొత్తం 391 నమూనాలు పరీక్షకు వెళ్లాయి. వాటిలో 195 నకిలీవి. సగం! కొన్నింటిలో పారాసిటమాల్ ఉంది. జ్వరం తగ్గినట్టు అనిపిస్తుంది కాబట్టి మందు పనిచేస్తోందని రోగి నమ్ముతాడు. కొన్నింటిలో చాలా దేశాలు నిషేధించిన మెటమిజోల్ ఉంది. క్యాన్సర్‌కు దారితీసే సాఫ్రోల్ కూడా దొరికింది. సాఫ్రోల్ ‘ఎక్స్‌టసీ’ మత్తుమందు తయారీకి ముడిసరుకు. అంటే మత్తుమందు వండే చేతులు, మలేరియా మాత్రలు అచ్చువేసే చేతులు దగ్గర దగ్గరగానే ఉండి ఉండవచ్చు.

పుప్పొడి దక్షిణ చైనా వైపు వేలు చూపింది. కొన్ని మాత్రల్లో పిండికి బదులు వాడిన కాల్సైట్ అనే ఖనిజం ఏ రకం రాతి నుంచి వచ్చిందో పరీక్షిస్తే అదీ అటువైపే చూపింది. ప్యాకెట్ల ముద్రణ, లోపలి రసాయనాలు, ఖనిజం, పుప్పొడి, వేర్వేరు దేశాల ప్రయోగశాలల్లో వేర్వేరు మనుషులు చూసినవన్నీ ఒకే దిక్కుకు తిరిగాయి. ఆ కట్ట చైనా ప్రజా భద్రతా శాఖ చేతికి వెళ్లింది. ఇది ఆగ్నేయాసియా వాళ్ల ఆరోపణ అని తోసేయడానికి వీల్లేని ఆధారం అది. 2006లో యునాన్ రాష్ట్రంలో అరెస్టు జరిగింది. నిందితుడు 2,40,000 స్ట్రిప్‌ల నకిలీ ఆర్టిసునేట్ వ్యాపారం చేశాడన్నది అభియోగం. ఒక స్ట్రిప్‌లో 12 మాత్రలు, పెద్దవాళ్లకు ఒక పూర్తి చికిత్స. అందులో చేతికి చిక్కింది పదో వంతు. మిగతాది సరిహద్దు దాటి మయన్మార్‌కు అమ్ముడుపోయిందని అంటారు. దర్యాప్తు గెలిచిందని రాస్తున్నాను, గెలిచింది కూడా. కానీ దొరకని ఆ తొమ్మిది వంతులు రెండు లక్షల మందికి పైగా రోగుల చికిత్స. ఆ సంఖ్యను దాటి ముందుకు వెళ్లడం నాకు కష్టమైంది.

నోరు విప్పని అసలువాళ్లు

ఈ కేసులో ప్రతి అడుగూ ఒకే పనితో మొదలైంది: అసలు గుయ్‌లిన్ ప్యాకెట్‌ను పక్కన పెట్టి పోల్చడం. అసలు తెలియకుండా నకిలీని తేల్చలేం. మన దగ్గరా అంతే. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ షాపులో అనుమానపు స్ట్రిప్ పట్టుకుంటే ముందు కంపెనీకి రాస్తారు. ఈ బ్యాచ్ మాది కాదు, ఈ అచ్చు మాది కాదని కంపెనీ ఇచ్చే జవాబు మీదే కేసు చాలావరకు నిలబడుతుంది. పరిశ్రమ, పోలీసు సహకారం అనే పెద్దమాట వెనక రోజూ జరిగే పని ఇదే.

కానీ తన బ్రాండుకు నకిలీ ఉందని తెలిసిన కంపెనీ మొదట ఏం చేస్తుంది? జనానికి చెబితే భయపడి అసలునూ మానేస్తారు, అమ్మకాలు పడిపోతాయి. కాబట్టి చాలాసార్లు గుట్టుగా ఉంచుతుంది. 2002లో 14 పెద్ద మందుల కంపెనీల భద్రతాధికారులు ఫార్మాస్యూటికల్ సెక్యూరిటీ ఇన్‌స్టిట్యూట్ అని పెట్టుకున్నారు. నకిలీల సమాచారం వాళ్ల మధ్య తిరుగుతుంది, రోగికి చేరదు. ఈ మౌనాన్ని నిలదీస్తూ 2005లో న్యూటన్, మరికొందరు అదే ‘ప్లాస్ మెడిసిన్’లో రాశారు. పరిశ్రమా ప్రభుత్వాలూ ప్రమాదాన్ని బయటికి చెప్పి తీరాలన్నారు. నేను వాళ్ల పక్షమే. నకిలీ సంగతి తెలిసీ చెప్పని ప్రతి రోజూ ఎవరో ఒకరు ఆ మాత్ర మింగుతూనే ఉంటారు.

జూపిటర్ తర్వాత 2008లో ఇంటర్‌పోల్ ఆపరేషన్ స్టార్మ్ నడిపింది. ఆగ్నేయాసియాలో 33 మందిని అరెస్టు చేశారు, కోటీ అరవై లక్షలకు పైగా మాత్రలు పట్టుకున్నారు. పనితోపాటు డబ్బు కూడా వచ్చింది. 2013లో 29 మందుల కంపెనీలు మూడేళ్లకు 45 లక్షల యూరోలు ఇంటర్‌పోల్‌కు ఇస్తామన్నాయి. దానికి ముందటేడు ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ కోటిన్నర యూరోలు ప్రకటించింది. నాకు ఇక్కడ గట్టి అభ్యంతరం ఉంది. పోలీసుకు సమాచారం ఇవ్వడం వేరు, పోలీసు ఖర్చు భరించడం వేరు. ఖర్చు పెట్టేవాడి సరుకు ముందు వరుసలోకి వస్తుంది. రోగి ప్రాణం, కంపెనీ బ్రాండు రెండూ ఒకటి కావు.

రెండింటినీ కలిపేస్తే ఏమవుతుందో హైదరాబాద్ చూసింది. 2008 డిసెంబరులో డాక్టర్ రెడ్డీస్ తయారుచేసిన లోసార్టన్, రక్తపోటు మందు, బ్రెజిల్‌కు వెళ్తూ నెదర్లాండ్స్‌లో ఆగింది. పేటెంట్ ఉందన్న ఫిర్యాదుతో కస్టమ్స్ దాన్ని నిలిపేసింది. ఆ మందుకు ఇండియాలో పేటెంట్ లేదు, బ్రెజిల్‌లోనూ లేదు, దారిలో ఉన్న దేశంలో ఉంది. సుద్దపొడి కాదు, నిఖార్సయిన మందు! అది బ్రెజిల్ రోగులకు చేరకుండా వెనక్కి వచ్చింది. ఇలాంటివి ఇంకా జరగడంతో 2010లో ఇండియా, బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. మరుసటేడు ఐరోపా సమాఖ్య ఇండియాతో అవగాహనకు వచ్చింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేటెంట్, ట్రేడ్‌మార్క్ తగాదాలను తన నకిలీ మందుల నిర్వచనం నుంచి బయటపెట్టింది. ఆలస్యమైనా మంచి నిర్ణయం.

అసలే లేని కంపెనీ

2024 మార్చిలో తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం పట్టుకున్న మాత్రల సంగతి ఇంకా చిక్కు. అవి యాంటీబయాటిక్‌లని రాసి ఉంది, హిమాచల్ ప్రదేశ్ చిరునామా ఉంది. వెతికితే ఆ కంపెనీయే లేదు. పరీక్షిస్తే లోపల మందు లేదు, సుద్దపొడి, పిండి. ఇక్కడ పోల్చడానికి అసలు ప్యాకెట్ ఎక్కడిది? మాది కాదని రాసిచ్చేవారెవరు? ఫిర్యాదు చేయాల్సిన నష్టపోయిన కంపెనీ లేనప్పుడు పరిశ్రమ సహకారం అనే మాటకు చోటే ఉండదు. మిగిలేవి కొనుగోలు బిల్లులు. షాపుకు ఎవరు ఇచ్చారు, ఆ ఏజెన్సీకి ఎవరు అమ్మారు? ఎక్కడి నుంచి కొన్నారో ఇన్‌స్పెక్టర్ అడిగితే చెప్పి తీరాలని డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 18ఎ సెక్షన్ అంటుంది. బిల్లు లేకుండా తక్కువ ధరకు సరుకు దించుకునే షాపు దగ్గర ఆ గొలుసు తెగిపోతుంది. కంపెనీల సదస్సుల్లో హోలోగ్రామ్‌ల గురించి మాట్లాడినంత ఈ హోల్‌సేల్ బిల్లుల గురించి మాట్లాడరు. మాట్లాడాల్సింది ముందు వీటి గురించే.

చట్టంలో మరో మడత ఉంది. మందులకు సంబంధించిన ఈ చట్టం నాలుగో అధ్యాయం కింద నేరాలకు పోలీసులు సొంతంగా ఎఫ్ఐఆర్ కట్టి దర్యాప్తు చేయలేరని, ఆ పని డ్రగ్ ఇన్‌స్పెక్టర్లదేనని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ముఠా జిల్లాలు, రాష్ట్రాలు దాటుతుంది, ఫోన్లు మారుస్తుంది. దాన్ని వెంటాడే నేర్పు పోలీసులది. మాత్రను చదివే చదువు ఇన్‌స్పెక్టర్‌ది. ఇద్దరూ ఒకే ఫైలు మీద కూర్చోకపోతే సుద్దపొడి అమ్మినవాడు పేరు మార్చి మళ్లీ వస్తాడు. జూపిటర్‌లో వేర్వేరు దేశాలవాళ్లు కూర్చోగలిగారు, ఒకే జిల్లా కేంద్రంలోని రెండు ఆఫీసులు ఎందుకు కూర్చోలేవు?

పెట్టెలో: సికింద్రాబాద్ దోమ

మలేరియా కథలో మన ఊరి పేరు కూడా ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశారు. 1902లో నోబెల్ అందుకున్నారు. బేగంపేటలోని ఆ భవనం ఆయన పేరు మీదే ఉంది.

పెట్టెలో: మీ చేతిలో స్ట్రిప్ ఉంటే

2023 ఆగస్టు 1 నుంచి దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల ప్యాకెట్ మీద బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ ఉండాలి. ఫోన్‌తో స్కాన్ చేస్తే మందు పేరు, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు రావాలి. అవి స్ట్రిప్ మీదివాటితో సరిపోవాలి. కోడ్‌ను అలాగే కాపీ కొట్టి ముద్రించేవాళ్లు ఉంటారు కాబట్టి స్కాన్ అయినంత మాత్రాన పూర్తి భరోసా లేదు.

బ్యాచ్ నంబరు రాసిన బిల్లు తీసుకోండి. మందు పూర్తయ్యేదాకా స్ట్రిప్ పారేయకండి. అనుమానం వస్తే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పండి. చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం, కొన్న మందును మామూలు మనిషి కూడా రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడికి పరీక్షకు ఇవ్వవచ్చు, సంతకంతో నివేదిక తీసుకోవచ్చు. నకిలీ మందు వల్ల ప్రాణం పోయినా, తీవ్రమైన హాని జరిగినా దోషికి కనీసం పదేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. జరిమానా పది లక్షల రూపాయలకు లేదా పట్టుకున్న సరుకు విలువకు మూడింతలకు, ఏది ఎక్కువైతే దానికి తగ్గదు. వసూలైన ఆ జరిమానా బాధితుడికి లేదా అతని కుటుంబానికి పరిహారంగా వెళ్లాలని కూడా చట్టం చెబుతోంది.