కణం ఒంటికి ప్రోటీన్ల లంగరు

కణాన్ని చుట్టి ఉండే పొర రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడుతుంది. దాని మీది ప్రోటీన్లలో చాలావరకు పొరలోకి దిగబడి నిలుస్తాయి. కొన్ని మాత్రం పూర్తిగా బయటే ఉండి, తోకకు అతికిన ఒక కొవ్వు అణువు ఆధారంతో పొరను అంటిపెట్టుకుంటాయి. ఆ ఆధారం పేరు గ్లైకోసిల్‌ఫాస్ఫాటిడిల్‌ఇనోసిటాల్. నోరు తిరగని పేరు కనుక శాస్త్రజ్ఞులు కూడా జీపీఐ లంగరు అనే అంటారు. మనిషిలో 150కి పైగా ప్రోటీన్లకు ఇదే ఆధారం. అయితే దీని పూర్తి నిర్మాణం 1988లో మొదట బయటపడింది మనిషిలో కాదు, ఆఫ్రికా నిద్రజబ్బుకు కారణమైన ట్రిపనోసోమా అనే పరాన్నజీవిలో.

లంగరు తయారీ కణంలోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులం దగ్గర జరుగుతుంది. ముందు రెటిక్యులం వెలుపలి ముఖం మీద ఒక కొవ్వు అణువుకు ఒక చక్కెర అతుకుతుంది. తర్వాత ఆ అణువు లోపలి వైపుకు తిరగబడుతుంది. అక్కడ మానోజ్ చక్కెరలు, ఇథనోలమీన్ ఫాస్ఫేట్ ఒక్కొక్కటిగా చేరతాయి. చివరికి ట్రాన్స్‌అమిడేజ్ అనే ఎంజైమ్ ప్రోటీన్ తోకను కత్తిరించి, ఆ చోట లంగరును అతికిస్తుంది. ఈ పనికి 20కి పైగా జన్యువులు కావాలి.

మొదటి మెట్టుకు అవసరమైన పిగ్-ఎ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. పురుషుల్లో ఆ క్రోమోజోమ్ ఒక్కటే, స్త్రీల కణాల్లో పనిచేసేదీ ఒక్కటే. అందుకే ఎముక మూలుగలోని ఒక మూలకణంలో ఈ జన్యువు చెడితే దాని సంతతి అంతా లంగరు లేకుండా పుడుతుంది. కాపలా కాసే సీడీ55, సీడీ59 ప్రోటీన్లు లేని ఆ ఎర్రకణాలను శరీరపు సొంత రక్షణ యంత్రాంగమైన కాంప్లిమెంట్ వ్యవస్థే పగలగొడుతుంది. పొద్దున్నే మూత్రం నల్లగా రావడం, రక్తం గడ్డకట్టడం ఇలా వచ్చే జబ్బు గుర్తులు. ఇది వంశపారంపర్యం కాదు. దీనికి వాడే ఎక్యులిజుమాబ్ మందుకు అమెరికాలో 2007లో అనుమతి వచ్చింది.

పుట్టుకతోనే ఒంట్లోని ప్రతి కణంలో లోపం ఉంటే కథ వేరు. లంగరు బొత్తిగా లేకపోతే పిండమే నిలవదు. కాబట్టి బతికి పుట్టిన పిల్లల్లో ఎంతో కొంత తయారీ జరుగుతూనే ఉంటుంది. ఫిట్స్, ఎదుగుదలలో వెనుకబాటు, కండరాల మెత్తదనం కనిపిస్తాయి. ఈ జబ్బుల్లో ఎక్కువ భాగం తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తాయి కనుక, మేనరికాలున్న కుటుంబాల్లో ముప్పు పెరుగుతుంది.

1970లో గుర్తించిన మేబ్రీ సిండ్రోమ్ వీటిలో ఒకటి. దాని వెనక పిగ్-వి జన్యువు ఉందని 2010లో తేలింది. ఈ పిల్లల రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉంటుంది. లంగరు అసంపూర్తిగా ఉన్నా ట్రాన్స్‌అమిడేజ్ తోకను కోసేస్తుంది, అతికించడం మాత్రం కుదరదు. దాంతో లంగరు దొరకని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రక్తంలోకి జారిపోతుంది. మామూలు లివర్ పరీక్షలో కనిపించే ఈ అంకెను ఫిట్స్ ఉన్న పిల్లల్లో తేలిగ్గా తీసుకోకూడదు. విటమిన్ బి6 కణంలోకి వెళ్లాలంటే దాని ఫాస్ఫేట్‌ను ఊడదీయాల్సింది ఈ ఎంజైమే. అది నాడీకణాల మీద నిలవనప్పుడు మెదడుకు బి6 చాలదు. అందుకే కొందరికి బి6లో ఒక రూపమైన పైరిడాక్సిన్ ఇస్తే ఫిట్స్ తగ్గుతాయి, అందరికీ కాదు.

పిగ్-ఎమ్ లోపంలో జన్యువు బాగానే ఉంటుంది, దాన్ని పనిలోకి దించే భాగమే బలహీనపడుతుంది. సోడియం బ్యూటిరేట్ అనే మందు ఆ భాగాన్ని చురుకుగా చేసి ఒక బిడ్డ ఫిట్స్‌ను అదుపులోకి తెచ్చినట్టు 2007లో వెల్లడైంది. జన్యువే దెబ్బతిన్న మిగతా రకాలకు ఈ దారి పనికిరాదు.