పుర్రె తెరవకుండా లాకులెత్తే ప్రయత్నం

కోనసీమలో, ఆత్రేయపురం మండలంలోని లొల్ల దగ్గర మధ్య డెల్టా కాలువ పాయలుగా చీలుతుంది. ఏ పాయకు ఎంత నీరు పోవాలో తేల్చేది అక్కడి లాకులే. తలుపులెత్తితే కింది ఊళ్ల చేలు తడుస్తాయి. ఎత్తకపోతే కాలువ నిండుగా ఉన్నా మడి ఎండిపోతుంది.

మెదడులోనూ ఇలాంటి లాకులున్నాయి. వాటి పేరు బేసల్ గాంగ్లియా. చెయ్యి చాపాలన్న తలంపు మెదడు పైపొరలో పుట్టినా, అది కదలికగా మారాలంటే లోతులో ఉన్న ఈ లాకులు తలుపెత్తాలి. తలుపెత్తించే రసాయనం డోపమైన్. సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి భాగంలో డోపమైన్ తయారుచేసే కణాలు ఏళ్ల తరబడి నశిస్తూ పోతే పార్కిన్సన్స్ వ్యాధి వస్తుంది. చెయ్యి వణుకుతోందని ఇంట్లోవాళ్లు గమనించేసరికే ఆ కణాల్లో చాలా భాగం పోయి ఉంటుంది.

వణుకు ఒక్కటే కాదు, చేతిరాత కూడా జబ్బును పట్టిస్తుంది. కొత్తపేటలోనో రాజోలులోనో బ్యాంకు కౌంటరు ముందు నిలబడ్డ ఒక పెద్దాయనను ఊహించుకోండి. సంతకంలో మొదటి అక్షరం ఎప్పటిలాగే గుండ్రంగా పడింది. రెండోది కాస్త తగ్గింది. చివరి అక్షరానికి వచ్చేసరికి చీమంత అయిపోయింది. పాత సంతకంతో కలవలేదని ఫారం వెనక్కి వచ్చింది. ఆయన రాయడం మరిచిపోలేదు, మెదడులో తలుపు పూర్తిగా లేవడం లేదంతే. మద్రాసు ఐఐటీలో ఆచార్యులు వి. శ్రీనివాస చక్రవర్తి, ఆయన బృందం ఇదే విషయాన్ని కంప్యూటర్ నమూనాలో పరిశీలించారు. నమూనాలోని బేసల్ గాంగ్లియాలో డోపమైన్ తగ్గిస్తే అది రాసే అక్షరాలూ కుంచించుకుపోయాయి.

ఈ జబ్బుకు ప్రధానమైన మందు లీవోడోపా. మన పొలాల గట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో ఈ పదార్థం ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి కనుగొన్నారు. ఇప్పటికీ అదే మొదటి ఆసరా. అయితే కొన్నేళ్లకు మందు పనిచేసే గంటలు తగ్గుతాయి, ఒళ్లు తనంతట తాను మెలికలు తిరగడం మొదలవుతుంది. అప్పుడు వైద్యులు డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ వైపు చూస్తారు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిడ్ దారి వేసిన ఈ శస్త్రచికిత్సను హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజిస్టు రూపం బొర్గోహైన్, న్యూరోసర్జన్ మానస్ పాణిగ్రాహి మన రోగులకు చేశారు. పుర్రెకు రంధ్రం చేసి సన్నని తీగను లోపలికి దించుతారు, ఛాతీ చర్మం కింద బ్యాటరీ అమరుస్తారు. ఫలితం బాగానే ఉంటుంది. కానీ ఖర్చు లక్షల్లో, పైగా అందరి ఒంటికీ సరిపడదు.

మరి పుర్రెను ముట్టుకోకుండా పైనుంచే ఈ పని చేయలేమా?

1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం ఒక రాగి తీగచుట్టను మనిషి తల మీద ఆనించి, అందులో క్షణకాలం పాటు భారీ కరెంటు పంపింది. 'టప్' మని శబ్దం, వెంటనే చేతి వేళ్లు ఎగిరిపడ్డాయి. నొప్పి లేదు. ఇందులోని కిటుకు 1831లో ఫారడే చెప్పిన సూత్రమే: మారే అయస్కాంత క్షేత్రం కరెంటును పుట్టిస్తుంది. అయస్కాంత క్షేత్రానికి ఎముక అడ్డు కాదు కాబట్టి కరెంటు నేరుగా మెదడులోనే పుడుతుంది. ఈ పద్ధతే టీఎంఎస్. సెకనుకు ఒక్కసారి చొప్పున తడుతూ పోతే ఆ భాగం చురుకు సాధారణంగా తగ్గుతుంది, పదిసార్లు తడితే పెరుగుతుంది. రాయబోతే వేళ్లు బిగుసుకుపోయే రైటర్స్ క్రాంప్‌కు, మితిమీరిన చురుకును తగ్గించాలని మొదటి తీరును పరీక్షించారు. పార్కిన్సన్స్‌కు ఎక్కువగా రెండోదాన్ని.

చిక్కల్లా లోతు దగ్గరే. మామూలు తీగచుట్ట ప్రభావం రెండు మూడు సెంటీమీటర్లు దాటదు, లాకులున్నది అంతకంటే చాలా కింద. ఆశ కల్పించిన సంగతి 2001, 2003లలో కెనడా నుంచి వచ్చింది. పైపొరను తడితే దానితో తీగలు కలిసిన లోపలి భాగంలో డోపమైన్ విడుదలవుతోందని స్ట్రాఫెల్లా బృందం స్కానింగుల్లో చూసింది. ఎగువన కాలువ కదిలిస్తే దిగువన నీరు కదిలినట్టన్నమాట.

ఇక్కడే జాగ్రత్త కావాలి. పార్కిన్సన్స్ రోగికి ఉత్తుత్తి మందిచ్చి 'ఇది పనిచేస్తుంది' అని నమ్మిస్తే మెదడు నిజంగానే డోపమైన్ విడుదల చేస్తుందని 2001లో సైన్స్ పత్రికలో పరిశోధకులు చూపించారు. తల మీద శబ్దం చేసే యంత్రం ఆ నమ్మకాన్ని ఇంకా పెంచుతుంది. అందుకే ప్రతి పరీక్షలోనూ కొందరికి అచ్చం అలాగే చప్పుడు చేసే డమ్మీ యంత్రం పెడతారు. 2016లో అమెరికాలో వెలువడిన అలాంటి ఒక పరీక్షలో, కదలికలను నడిపే పైపొర భాగానికి పది రోజుల పాటు టీఎంఎస్ ఇస్తే కదలికలు కొంత మెరుగయ్యాయి. కుంగిన మనసు మాత్రం తేరుకోలేదు. డిప్రెషన్‌కైతే అమెరికా ఔషధ సంస్థ 2008లోనే టీఎంఎస్‌ను అనుమతించింది, పార్కిన్సన్స్ సంగతి వేరు. 'మూడు సిట్టింగుల్లో పార్కిన్సన్స్ మాయం' అని ఎవరైనా చెబితే నమ్మకండి. మూర్ఛ ఉన్నవాళ్లు, తలలో లోహపు క్లిప్పులు ఉన్నవాళ్లు, ఒంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందుగా వైద్యుడికి ఆ సంగతి చెప్పి తీరాలి.

లోతుకు వెళ్లే కొత్త దారీ ఒకటుంది. తంబురా తీగలు రెండు కాస్త తేడా శ్రుతిలో ఉంటే నాదం ఊగుతుంది. 2017లో అమెరికాలోని ఎంఐటీలో నిర్ ‌గ్రాస్‌మన్, ఎడ్ బోయ్‌డెన్ బృందం ఎలుకల్లో చేసింది అదే. సెకనుకు 2000 సార్లు కొట్టుకునే కరెంటును ఒక పక్క, 2010 సార్లు కొట్టుకునేదాన్ని ఇంకో పక్క పెట్టారు. పైపొర కణాలు అంత వేగాన్ని అందుకోలేవు. రెండూ కలిసే లోపలి చోట మాత్రం సెకనుకు పది ఊపులు పుట్టాయి. అక్కడి కణాలు స్పందించాయి. మనుషుల మీద ప్రయోగాలు ఇప్పుడిప్పుడే నడుస్తున్నాయి.

కోనసీమకు ఇంకా దగ్గరగా ఉండేది టీడీసీఎస్. తల మీద రెండు తడి స్పాంజీలు పెట్టి, ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల కరెంటును ఇరవై నిమిషాలు పంపుతారు. పరికరం అరచేతిలో పడుతుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని రోగులకు ఇళ్లలోనే, వీడియోలో చూస్తూ ఇచ్చారు. కదలికల మీద దాని ఫలితం ఇంకా స్థిరంగా రుజువు కాలేదు, సొంతంగా బ్యాటరీలతో ప్రయోగాలు చేసుకోవడమూ ప్రమాదమే. కానీ రుజువైన నాడు దాని విలువ కొలవాల్సింది రేవులో. పార్కిన్సన్స్ ఉన్న మనిషి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కబోతే, పలక ముందు కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. వెనక వాళ్లు తోస్తారు, పక్కన భార్య చెయ్యి పట్టుకుని 'ఒకటి, రెండు' అని లెక్కపెడుతుంది, అప్పుడు అడుగు పడుతుంది. టీఎంఎస్ యంత్రం ఆవలి ఒడ్డున ఉంటే, ఆ దంపతులకు పది రోజుల చికిత్స అంటే ఇరవైసార్లు ఆ పలక దాటడం.