ఎగ్జాస్ట్ సౌండ్ కాదు, పేపర్ మీద నంబర్ చూస్తారు: ఆస్ట్రియా బైక్ ట్రిప్‌లో యు.1 నేర్పిన లెక్క

బైక్ రెంట్‌కు తీసుకునేముందు మనలో చాలామంది చేసే పని ఒకటుంది. యూట్యూబ్‌లో మోడల్ పేరు పక్కన 'ఎగ్జాస్ట్ సౌండ్' అని కొట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడం. నేనూ అదే చేశా. ఆఫీస్ వాళ్లు మూడు నెలల ఆన్‌సైట్‌కు మ్యూనిక్ పంపితే, ఒక వీకెండ్‌కు ఆల్ప్స్ కొండల్లో బైక్ రైడ్ ప్లాన్ చేసుకున్నాం. మన లైసెన్స్, దాంతోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ రెడీ. బీటెక్‌లో నా సీనియర్ అన్న ఒకాయన అక్కడే జాబ్ చేస్తున్నాడు, సొంత బైక్ ఉంది. నేను మాత్రం నాలుగు వీడియోలు విని, అన్నిట్లోకి గట్టిగా ఉరిమే బైక్‌ను బుక్ చేశా.

శుక్రవారం సాయంత్రం రెంటల్ షాప్‌కు వెళ్తే, కౌంటర్‌లో ఉన్నాయన ముందు అడిగింది డిపాజిట్ కాదు, రూట్. ఫ్యూసెన్ మీదుగా ఆస్ట్రియాలోకి దిగి, లెఖ్ లోయ గుండా వెళ్లి, హాంటెన్‌యోఖ్ కనుమ ఎక్కి ఇమ్‌స్ట్ చేరతాం అన్నాం. ఆయన ఏమీ మాట్లాడకుండా బైక్ రిజిస్ట్రేషన్ కాగితం తీసి, ఒక గడి మీద వేలు పెట్టాడు. యు.1 అని ఉంది. పక్కన 98. "ఈ బైక్‌తో ఆ రోడ్డు కుదరదు" అన్నాడు.

"నీది పోయిందిరా తమ్ముడూ" అని అన్న నవ్వాడు. "నాది కంపెనీ ఫిట్టింగ్ సైలెన్సర్, చెయ్యి కూడా పెట్టలేదు, నాకేం భయం" అంటూ తన పేపర్ తీశాడు. యు.1: 96. నవ్వు ఆగిపోయింది.

95 దాటితే రోడ్డు మూసినట్టే

ఇంతకీ రూల్ ఏంటంటే, ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రం 2020 జూన్ 10 నుంచి రాయ్‌టె జిల్లాలోని కొన్ని రోడ్ల మీద 95 డెసిబెల్స్ దాటిన బైకులను నిషేధించింది. లెఖ్ లోయ రోడ్డు, టాన్‌హైమ్ లోయ రోడ్డు, హాంటెన్‌యోఖ్ కనుమ అన్నీ అందులో ఉన్నాయి. అంటే బైకర్లు ఫోటోల కోసం వెళ్లే రోడ్లే. ఆ తర్వాతి ఏళ్లలోనూ టూరింగ్ సీజన్‌కు ఇదే రూల్ కొనసాగించారు. పట్టుబడితే 220 యూరోల ఫైన్.

కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఇరుకు లోయలు, రెండు పక్కలా కొండలు, రోడ్డు పక్కనే ఊళ్లు. దక్షిణ జర్మనీ నుంచి వీకెండ్ వస్తే చాలు బైకులు బారులు తీరతాయి. మన ఇంటి ముందు నుంచి ఆదివారం పొద్దున్నే అన్ని బైకులు గేర్ మారుస్తూ ఎక్కితే మనమూ ఊరుకోం.

అసలు తేడా ఇక్కడే ఉంది. ఆ 95 అనేది పోలీసులు రోడ్డు మీద కొలిచే సౌండ్ కాదు. రిజిస్ట్రేషన్ పేపర్‌లో యు.1 గడిలో ఉన్న నంబర్. మీరు సైలెన్సర్ మార్చారా లేదా, మెల్లగా నడుపుతున్నారా, రాత్రిపూట తోసుకుంటూ వెళ్తున్నారా, ఏదీ లెక్కలోకి రాదు. షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉన్న బైక్ అయినా పేపర్ మీద 96 ఉంటే ఆ రోడ్డు లేదు.

ఆ నంబర్ ఎలా వస్తుంది?

యూరప్ రిజిస్ట్రేషన్ పేపర్‌లో సౌండ్‌కు మూడు గడులుంటాయి. యు.1 అంటే బండి నిలబెట్టి కొలిచిన శబ్దం. యు.2 అంటే ఆ కొలత తీసినప్పటి ఇంజిన్ ఆర్‌పీఎం. యు.3 అంటే బండి పక్కనుంచి వెళ్తుండగా కొలిచిన శబ్దం.

యు.1 కోసం మైక్‌ను ఎగ్జాస్ట్ చివర నుంచి అర మీటర్ దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెడతారు. ఇంజిన్ గరిష్ఠ పవర్ ఇచ్చే ఆర్‌పీఎం 5,000 దాటితే అందులో సగం దగ్గర కొలుస్తారు. 5,000 లేదా అంతకంటే తక్కువైతే 75 శాతం దగ్గర. మనకు తెలిసిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 గరిష్ఠ పవర్ 7,250 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది కాబట్టి టెస్ట్ 3,625 దగ్గర జరుగుతుంది. 13,000 దగ్గర పవర్ ఇచ్చే సూపర్‌బైక్‌ను 6,500 వరకు తిప్పాలి. ఊళ్లో 4,000 దాటకుండా బుద్ధిగా నడిపినా పేపర్ మీద మాత్రం 6,500 నాటి అరుపే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో బైకర్ల గొడవ న్యాయమే అని నాకనిపిస్తుంది.

ఇంకో కన్‌ఫ్యూజన్ ఉంది. యూరప్‌లో పెద్ద బైకులకు లిమిట్ 77 డెసిబెల్స్ అని చదివి, "మరి 96 ఎలా పాసైంది?" అని నేనూ అడిగా. ఆ 77 అనేది యు.3 తరహా టెస్ట్‌కు, మైక్ 7.5 మీటర్ల దూరంలో ఉంటుంది. అర మీటర్ నుంచి 7.5 మీటర్లకు వెళ్తే దూరం 15 రెట్లు, లాగరిథమ్ లెక్కలో దాదాపు 23.5 డెసిబెల్స్ తగ్గుతాయి. కాబట్టి రెండు నంబర్లనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పైగా యు.1కి గరిష్ఠ పరిమితి అంటూ ఏదీ లేదు. తర్వాత ఎవరైనా సైలెన్సర్ పాడుచేశారా అని పోల్చుకోవడానికి రాసిపెట్టిన నంబర్ అది. టిరోల్ దాన్నే తీసుకుని గేటులా వాడేసింది.

మరి యు.3నే వాడొచ్చుగా? అందులో సాఫ్ట్‌వేర్ వాళ్లకు తెలిసిన కథ ఒకటుంది. టెస్ట్ ఏ స్పీడ్‌లో జరుగుతుందో ముందే తెలుసు. పెద్ద బైకుల ఎగ్జాస్ట్‌లో ఎలక్ట్రానిక్‌గా తెరుచుకునే వాల్వ్ ఉంటుంది, దాన్ని ఈసీయూ నడుపుతుంది. టెస్ట్ కేస్ తెలిస్తే కోడ్ ఎలా రాస్తామో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రేంజ్‌లో వాల్వ్ మూసి ఉంచితే మీటర్ సంతోషిస్తుంది, రేంజ్ దాటాక తెరిస్తే కస్టమర్ సంతోషిస్తాడు. అందుకే ఐక్యరాజ్యసమితి ఆర్41 రూల్‌లో వేరే స్పీడ్‌లు, గేర్లలో కూడా చెక్ చేసే అదనపు టెస్ట్ చేర్చారు.

ఫోన్ యాప్‌తో కొలిచాం, ఏమైందంటే

గాడ్జెట్ పిచ్చి ఊరుకోదు కదా. షాప్ వెనుక ఖాళీ స్థలంలో అన్న బైక్‌ను యు.2లో ఉన్న ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని, టేపుతో అర మీటర్ కొలిచి, రెండు ఫోన్లు పెట్టాం. నా ఆండ్రాయిడ్‌లో ఫ్రీ యాప్ 88 చూపించింది. అన్న ఐఫోన్‌లో నియోష్ యాప్ 94. ఒకే బైక్, ఒకే నిమిషం, 6 డెసిబెల్స్ తేడా. మూడు డెసిబెల్స్ పెరిగితేనే శబ్దశక్తి రెట్టింపు, అంటే ఒక ఫోన్ రెండోదానికంటే నాలుగు రెట్లు తక్కువ విన్నట్టు.

ఫోన్ మైక్ మన గొంతు కోసం తయారైంది. గట్టి శబ్దం వస్తే ఫోన్ దానంతట అదే లెవెల్ తగ్గించేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఒక్కో మోడల్‌కు ఒక్కో మైక్, ఒక్కో సెట్టింగ్. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ తన సౌండ్ మీటర్ యాప్‌ను ఐఫోన్‌కు మాత్రమే ఇచ్చింది, అందులో కూడా 2 డెసిబెల్స్ అటూఇటూ ఉండొచ్చని చెబుతుంది. అన్న మాత్రం 94 చూసి స్క్రీన్‌షాట్ తీసుకున్నాడు. "పోలీసులకు చూపిస్తా" అన్నాడు. షాపాయన తల అడ్డంగా ఊపాడు.

చివరికి నేను యు.1లో 89 ఉన్న చిన్న బైక్‌కు మారా. సౌండ్ గురించి చెప్పాలంటే మిక్సీ నయం. శనివారం రాయ్‌టె వరకు కలిసే వెళ్లాం. అక్కడి నుంచి అన్న ఫెర్న్‌పాస్ మెయిన్ రోడ్డు పట్టుకున్నాడు, ఆ రోడ్డు మీద నిషేధం లేదు, కానీ కార్లు, క్యారవాన్లు పుష్కలం. నేను ఎల్మెన్ దగ్గర ఎడమవైపు తిరిగి హాంటెన్‌యోఖ్ ఎక్కా. 1,894 మీటర్లు. మలుపు మలుపుకూ రాతి కొండలు మీద పడినట్టుంటాయి.

కొండ మొదట్లోనే పోలీసులు ఆపారు. మైక్ లేదు, మీటర్ లేదు. పేపర్ అడిగారు, యు.1 చూశారు, చెయ్యి ఊపారు. అర నిమిషం కూడా పట్టలేదు. నా ముందున్న ఇద్దరిని మాత్రం పక్కకు నిలబెట్టారు. ఇమ్‌స్ట్‌లో అన్న నాకంటే ఆలస్యంగా, ట్రాఫిక్‌లో ఉడికిపోయి వచ్చాడు. ఫోటోలు చూపిస్తే చూడనన్నాడు.

ఫ్రాన్స్ వైపు వెళ్తే వేరే కథ

అక్కడ పేపర్ కాదు, రోడ్డే వింటుంది. 2019 చట్టంతో సౌండ్ రాడార్లను ప్రయోగాత్మకంగా పెట్టడానికి వీలు కల్పించారు. 2022లో పారిస్‌లోని అవ్రోన్ వీధిలో ఒకటి బిగించారు, మొదట ఫైన్ లేకుండా టెస్టింగ్‌కు. బ్రూయిపరీఫ్ అనే సంస్థ తయారుచేసిన మెడ్యూజ్ సెన్సర్‌లో నాలుగు మైకులుంటాయి. శబ్దం ఒక్కో మైక్‌కు చేరే సమయంలో ఉండే సూక్ష్మమైన తేడాతో అది ఏ దిక్కు నుంచి వచ్చిందో లెక్కగట్టి, కెమెరా చిత్రంలో ఆ బండి మీదే గుర్తు పెడుతుంది. ఇంజినీరింగ్ పరంగా చూస్తే నాకు టిరోల్ పద్ధతి కంటే ఇదే నచ్చింది. ఎవడు అరిచాడో వాడికే బిల్లు.

మన దగ్గర 175 సీసీ దాటిన బైకులకు లిమిట్ 80 డెసిబెల్స్. అదీ పక్కనుంచి వెళ్లే టెస్టే. ఆర్‌సీలో యు.1 లాంటి గడి లేదు, పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం వెళ్తే పొగ చూస్తారు తప్ప సౌండ్ చూడరు. అందుకే ఇక్కడ రోడ్ రోలర్ కింద సైలెన్సర్లు నలగ్గొట్టడం వరకే మనకు తెలుసు. ఆ అలవాటుతో అక్కడికెళ్తే "స్టాక్ బైకే కదా" అనే ధీమా వస్తుంది. నాకు వచ్చింది అదే.

కాబట్టి రెంటల్ సైట్‌లో బుక్ చేసేముందు ఒక మెయిల్ పెట్టండి: యు.1 ఎంత, పేపర్ ఫోటో పంపుతారా అని. ఒకే మోడల్‌లో కూడా ఏడాదిని బట్టి, వేరియంట్‌ను బట్టి నంబర్ మారుతుంది, నెట్‌లో దొరికే లిస్టులు నమ్మొద్దు. బైక్‌కు వేరే కంపెనీ సైలెన్సర్ ఉంటే దాని మీద వృత్తంలో ఈ అక్షరం, దేశం నంబర్ ఉన్నాయా చూడండి, జర్మనీ అయితే 1, ఆస్ట్రియా అయితే 12. చివర బిగించే డీబీ కిల్లర్ తీసేసి ఉంటే ఆ బైక్ వద్దనండి.

అన్న ఇప్పుడు బైక్ మార్చే పనిలో ఉన్నాడు. వారానికి రెండు మూడు సెకండ్ హ్యాండ్ యాడ్స్ నాకు వాట్సాప్‌లో పంపుతాడు. బైక్ ఫోటో ఉండదు, పేపర్ ఫోటో మాత్రమే, యు.1 చుట్టూ ఎర్ర గీత గీసి.